గిడుగు రామమూర్తి సవర బడి: ఒక మన్యం ఉపాధ్యాయుడి కేస్ స్టడీ

గిడుగు రామమూర్తి పంతులు పేరు వినగానే చదువుకున్న తెలుగువారికి వ్యావహారిక భాషోద్యమం గుర్తుకు వస్తుంది. ఆయన పుట్టిన ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం కాబట్టి, ఏటా ఆ రోజున బడుల్లో ఆయన పటానికి దండ వేసి, గ్రాంథికవాదులతో ఆయన చేసిన వాదాల గురించి పిల్లలకు నాలుగు మాటలు చెబుతాం. నేనూ చాలా ఏళ్ళు అలాగే చెప్పాను. నా తరగతిలో కూర్చున్న పిల్లలు సవరలని, అంటే ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల్లోని ఆదివాసులని, ఆ పటంలోని మనిషి వాళ్ళ తాతముత్తాతల కోసం పుస్తకాలు రాసి బడులు పెట్టిన ఉపాధ్యాయుడని తెలిసి కూడా, ఆ ముక్కను చివర్లో ఒక వాక్యంగా మాత్రమే చెప్పి ఊరుకునేవాడిని. ఆ ఒక్క వాక్యంలోనే ఆయన వృత్తి జీవితమంతా ఉన్నదని నాకు అర్థం కావడానికి నా తరగతి గది దారుణంగా విఫలం కావలసి వచ్చింది.

ఇక్కడ నేను పరిశీలిస్తున్న కేసు గిడుగు వారి ఉపాధ్యాయ జీవితం. దాని పక్కన ఉత్తరాంధ్ర మన్యంలోని సీతంపేట ప్రాంతంలో సవర పిల్లలకు పాఠాలు చెప్పిన నా అనుభవాన్ని పెడుతున్నాను. ఇది ఆయనతో పోల్చుకునే సాహసం కాదు. నూరేళ్ళ కిందట ఆయన చేసిన ప్రతి పని ఎందుకు అవసరమైందో అదే కొండల్లో, అదే భాష మాట్లాడే పిల్లల మధ్య ఉద్యోగం చేసినవాడిగా నేను చెప్పగలను కనుక ఈ ప్రయత్నం చేస్తున్నాను.

పర్లాకిమిడి ఉపాధ్యాయుడు

రామమూర్తి 1863లో వంశధార ఒడ్డున, శ్రీముఖలింగానికి దగ్గరలోని పర్వతాలపేటలో పుట్టారు. చిన్న వయసులోనే తండ్రి పోయారు. మెట్రిక్యులేషన్ కాగానే 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో 30 రూపాయల జీతం మీద ఉపాధ్యాయుడిగా చేరారు. ఆయన చెప్పిన పాఠం చరిత్ర. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా బి.ఏ. పూర్తి చేశారు, ముఖలింగం గుడిలోని శాసనాల లిపి తనంతట తాను నేర్చుకున్నారు. సుమారు 30 ఏళ్ళు పాఠాలు చెప్పి 1911లో ఉద్యోగం వదిలారు.

జీవిత చరిత్రగా ఇది చిన్నదే. కానీ పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలు సవరలవి. సంతకు, పనులకు వాళ్ళు పట్నంలోకి దిగి వస్తూనే ఉంటారు. బడి మాత్రం వాళ్ళ పిల్లలది కాదు. ఆ పిల్లలకు చదువు చెప్పాలన్న కోరిక ఈ చరిత్ర ఉపాధ్యాయుడికి కలిగింది. ఆ కోరిక కలిగినవాళ్ళు అంతకు ముందూ ఉండి ఉంటారు, ఆ తర్వాతా ఉన్నారు, నేనూ వాళ్ళలో ఒకడిని. ఆయన ప్రత్యేకత తర్వాతి అడుగులో ఉంది. పిల్లలకు తెలుగు నేర్పే ఏర్పాటు చూడకుండా, ముందు తాను సవర నేర్చుకోవడానికి కూర్చున్నారు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక వ్యక్తిని తన ఇంట్లోనే ఉంచుకుని, పదం పదంగా, వాక్యం వాక్యంగా ఏళ్ళ తరబడి ఆ భాషను చెవితో పట్టుకున్నారు. కొండ ఊళ్ళు తిరిగారు. ఆ తిరుగుళ్ళలో మలేరియా పట్టుకుని, దానికి వాడిన క్వినైను వల్ల వినికిడి దెబ్బతిన్నది. ఒక భాషను విని నేర్చుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషికి చెవులే పోవడం ఎంతటి నష్టమో ఊహించుకోవలసిందే. అయినా ఆయన పని ఆగలేదు.

సవర నేర్చుకున్నాక ఆ భాషలోనే వాచకాలు రాశారు, కథలూ పాటలూ సేకరించారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. మూడున్నర దశాబ్దాల శ్రమకు ఫలితంగా ఆయన ఇంగ్లీషులో రాసిన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది. నిఘంటువు కూడా ఆయనే తయారు చేశారు. పండితలోకం ఈ వ్యాకరణాన్నీ నిఘంటువునూ ఘనకార్యాలుగా చూస్తుంది, అది న్యాయమే. ఒక ఉపాధ్యాయుడిగా నేను మాత్రం వాటి వరుసను గమనిస్తాను. బడి ముందు వచ్చింది, వ్యాకరణం తర్వాత వచ్చింది. పిల్లవాడికి పాఠం చెప్పడానికి అవసరమై ఆయన భాషాశాస్త్రవేత్త అయ్యారు.

నా తరగతి

నేను 1990ల చివర్లో మైదాన ప్రాంతం నుంచి ఏజెన్సీకి, అంటే మన్యానికి, ఎస్.జి.టి.గా (ప్రాథమిక తరగతుల సెకండరీ గ్రేడ్ టీచరుగా) వచ్చాను. ఒకటి నుంచి ఐదు వరకూ తరగతులు, ఇద్దరం ఉపాధ్యాయులం, చాలా రోజులు ఒక్కరమే. ఊరంతా సవర ఇళ్ళు. కొండపోడు, జీడిమామిడి, పసుపు, చీపుర్లు, చింతపండు వాళ్ళ బతుకుతెరువు. పిల్లలు బుద్ధిమంతులు, రోజూ వచ్చేవారు, వరుసగా కూర్చునేవారు. వర్ణమాల మొత్తం ఒకే గొంతుతో అప్పగించేవారు. పలక మీద అక్షరాలు ముత్యాల్లా దిద్దేవారు. మొదటి రెండేళ్ళు నేను మంచి ఉపాధ్యాయుడిననే అనుకున్నాను.

మూడో ఏడు ఒక మధ్యాహ్నం, మూడో తరగతి అమ్మాయి ఒకతె వాచకంలోని పాఠం గడగడా చదువుతుండగా నేను పరధ్యానంగా పుస్తకం వైపు చూశాను. ఆ పిల్ల తెరిచి పెట్టుకున్నది ఆ పాఠం కాదు, దాని తర్వాతి పాఠం. పేజీ మీద వేలు కదులుతోంది, నోరు పలుకుతోంది, ఆ రెండింటికీ సంబంధం లేదు. అప్పుడు ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి పరీక్షించాను. ఒక విడి అక్షరాన్ని చూపిస్తే, అది ఏమిటో చెప్పడానికి చాలామంది ‘అ’ దగ్గర మొదలుపెట్టి, ఆ అక్షరం వచ్చేదాకా వరుసంతా లోలోపల పలుకుకుని అప్పుడు చెబుతున్నారు. గుణింతం అప్పగించగలరు, కానీ ‘కి’కీ ‘కు’కీ తేడాను ఒక మాటలో పట్టుకోలేరు. మూడు, నాలుగు, ఐదు తరగతులు కలిపి పదకొండు మందిలో, ఎన్నడూ చూడని రెండు వాక్యాలను చదివి అర్థం చెప్పగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు. అతని తండ్రి సంతలో వ్యాపారం చేసేవాడు కావడం వల్ల ఇంట్లో తెలుగు వినిపించేది.

ఆ రోజు నాకు కలిగిన సిగ్గు గురించి ఎక్కువ చెప్పను. దాని కారణం మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే గిడుగు వారి పని విలువ తెలుస్తుంది. తెలుగు మాట్లాడే పిల్లవాడు ‘పలక’ అన్న మూడక్షరాలు కూడబలుక్కున్నప్పుడు, ఆ ధ్వనులు కలిసి అతని చెవికి తెలిసిన మాటగా మారతాయి. ఆ మాట తగలగానే తాను చదివింది సరైనదని పిల్లవాడికి తనకు తానే తెలుస్తుంది, ఉపాధ్యాయుడు తలూపనక్కర్లేదు. అక్షరాల పని అంతా ఆ చిన్న మెరుపు మీద ఆధారపడి ఉంది. నా సవర పిల్లలకు ‘ప’, ‘ల’, ‘క’ కలిపితే ‘పలక’ అనే చప్పుడు వచ్చేది, అంతకు మించి ఏమీ వచ్చేది కాదు. సరిగా చదివినా తప్పు చదివినా వాళ్ళకు ఒకటే. కాబట్టి వాళ్ళు చదవడం మానేసి నా ముఖం చదవడం నేర్చుకున్నారు. వాళ్ళ స్థానంలో నేనున్నా అదే చేసేవాడిని.

సవర భాష తెలుగుకు ఏ విధంగానూ చుట్టం కాదు. తెలుగు ద్రావిడ భాష, సవర ముండా కుటుంబానికి చెందినది, ఆ కుటుంబం ఆస్ట్రో-ఏషియాటిక్ భాషల్లో భాగం. మాట మధ్యలోనో చివరనో గొంతు ఒక్క క్షణం మూసుకుని తెరుచుకునే ధ్వని సవరలో ఉంది, దానికి తెలుగు లిపిలో అక్షరం లేదు. ఖ, ఘ, ఛ, ఝ వంటి ఒత్తి పలికే అక్షరాలు (మహాప్రాణాలు) తెలుగులో సంస్కృతం నుంచి వచ్చిన మాటలకే ఎక్కువగా కావాలి, సవరలో వాటి పనే లేదు. లెక్క కూడా వేరు. సవరలు పన్నెండు దాకా లెక్కపెట్టి, పదమూడును పన్నెండూ ఒకటిగా చెబుతారు, ఆపైన ఇరవైల లెక్కలోకి వెళతారు. ఎక్కాల దగ్గర నా పిల్లలు ఎందుకు తడబడుతున్నారో ఇది తెలిశాక గాని నాకు బోధపడలేదు. అంతదాకా వాళ్ళకు లెక్కలు రావని రిజిస్టరులో రాశాను. ఆ రాత తప్పు, వాళ్ళు నాకంటే ఒక పద్ధతి ఎక్కువ తెలిసిన పిల్లలు.

ఏం మార్చాం

2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాతృభాష ఆధారిత బహుభాషా విద్య మొదలైంది. గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా భాషల్లో తెలుగు లిపితో ప్రాథమిక వాచకాలు వచ్చాయి. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతూనే ఉంది. అది మా ఊరి దాకా రావడానికి దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది. గిడుగు వారి తొలి సవర బడి నుంచి లెక్కపెడితే నూరేళ్ళు.

మా బడికి ఆ ఊరి అబ్బాయి ఒకడు విద్యా వాలంటీరుగా వచ్చాడు. ఇంటర్ చదివినవాడు, నిదానస్థుడు. నేను చేసిన మొదటి తప్పును సరిదిద్దినవాడు అతనే. కొత్త వాచకాలు వచ్చేలోపు ఏదో ఒకటి చేయాలన్న ఆత్రంతో నేను తెలుగు వాచకంలోని కథ ఒకటి తీసుకుని, ఒక్కొక్క మాటకూ సవర మాట అడిగి రాసుకుని, మర్నాడు పిల్లలకు చదివి వినిపించాను. పిల్లలు మర్యాదగా విన్నారు, ఒక్కరూ నవ్వలేదు, ఒక్కరూ ఏమీ అడగలేదు. సాయంత్రం అతను నా దగ్గరికి వచ్చి, “మాస్టారూ, మాటలన్నీ మావే గానీ మేము అలా మాట్లాడమండి” అన్నాడు.

ఆ మాట విన్న తర్వాతే నేను గిడుగు వారి పని పద్ధతిని శ్రద్ధగా చూశాను. తెలుగు వాచకాన్ని సవరలోకి దించి ఊరుకుంటే ఆయనకు ఏళ్ళ తరబడి శ్రమ అవసరమయ్యేది కాదు. సవరలు చెప్పుకునే కథలనూ పాడుకునే పాటలనూ వాళ్ళు చెప్పినట్టే, పాడినట్టే రాసుకోవడం ఆయన పనికి పునాది. సవర క్రియాపదం నామవాచకాన్ని తనలో కలుపుకుని ఒకే మాటగా మారుతుంది, తెలుగులో రెండు మూడు మాటల్లో చెప్పేది అక్కడ ఒక్క మాటలో ఇమిడిపోతుంది. అటువంటి భాషను మాటకు మాట పెట్టి నింపితే మిగిలేది తెలుగు వాక్యపు అస్థిపంజరమే.

అందువల్ల మేము పని తిరగేశాం. వాలంటీరు నాయనమ్మను బడికి పిలిచాం. ఆవిడ మొదట రానన్నది. బడికి ముసలివాళ్ళు రావడమేమిటని ఊళ్ళో వాళ్ళు అనుకుంటారని ఆవిడ సంకోచం. తర్వాత ఒక రోజు అరుగు మీద కూర్చుని, పులి కథ ఒకటి చెప్పింది. పిల్లలు నవ్వారు, మధ్యలో అడ్డుపడి తప్పులు దిద్దారు, ఒకడు ఆ కథ తమ ఇంట్లో వేరేగా చెబుతారని పోట్లాటకు దిగాడు. నా తరగతిలో ఒక పాఠం మీద పిల్లలు వాదించడం అదే మొదటిసారి. ఆ కథను వాలంటీరు తెలుగు లిపిలో పెద్ద అక్షరాలతో చార్టు మీద రాశాడు. మర్నాడు పిల్లలతో చదివించాం. వాళ్ళకు కథ తెలుసు, మాటలు తెలుసు, తెలియనివి అక్షరాలు మాత్రమే. ఒక అబ్బాయి ఒక మాట దగ్గర ఆగి, కూడబలుక్కుని, తప్పు పలికి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ వెనక్కి వెళ్ళి సరిగా పలికాడు. నేను ఏమీ అనలేదు, అతను నా వైపు చూడనూ లేదు. ఈ కేసంతటిలోనూ నాకు అన్నింటికంటే విలువైన సాక్ష్యం ఆ అబ్బాయి తల అడ్డంగా ఊపిన క్షణమే.

అక్షరాల వరుసను కూడా మార్చాం. ‘అ’తో మొదలుపెట్టి ‘ఱ’ దాకా వెళ్ళడం మానేసి, సవర మాటల్లో తరచుగా వచ్చే పది పన్నెండు అక్షరాలనూ నాలుగు గుణింతపు గుర్తులనూ ముందు పట్టుకున్నాం. వాటితోనే ఎన్ని మాటలు కుదిరితే అన్ని రాయించాం. సవరలు ఇళ్ళ గోడల మీద వేసే బొమ్మల్లో మనుషులూ జంతువులూ చెట్లూ వరుసలుగా ఉంటాయి, వాటిని చూసి కథ చెప్పడం పిల్లలకు ఇంట్లోనే అలవాటు. అటువంటి బొమ్మ వేయించి, దాని కింద ఒక వాక్యం రాయించేవాళ్ళం. ఒత్తులు, మహాప్రాణాలు తెలుగు పాఠాలతో పాటు తర్వాత వచ్చాయి.

తెలుగును వదిలిపెట్టలేదు. ఈ విషయంలో తల్లిదండ్రులకు ఉన్న భయం న్యాయమైనది. సంతలో, ఆసుపత్రిలో, కాలేజీలో తెలుగే కావాలి, తమ పిల్లలను సవరలోనే ఉంచేస్తారేమోనని వాళ్ళు అడిగారు. మొదటి తరగతిలో తెలుగు నోటిమాటగా మాత్రమే నేర్పాం, ఆటలతో, పాటలతో, బయట కనిపించే వస్తువులతో. రెండో తరగతి చివరికి, సవర చదవగలిగిన పిల్లలకు తెలుగు చదవడం ఆశ్చర్యపడేంత తొందరగా వచ్చింది. లిపి ఒకటే, అక్షరాలను కలిపి మాట చేసే విద్య అప్పటికే చేతిలో ఉంది, మిగిలింది కొత్త మాటలు నేర్చుకోవడమే. చదవడం అనే విద్యను ఒక భాషలో ఒక్కసారే నేర్చుకుంటారని నేను నమ్ముతాను. ఏ భాషలో నేర్చుకుంటారన్నది ఉపాధ్యాయుడి సౌకర్యాన్ని బట్టి నిర్ణయించడమే మనం చేస్తున్న పొరపాటు.

వ్యావహారికం ఎక్కడి నుంచి వచ్చింది

1907లో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు అధికారి ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చి, పిల్లలు మాట్లాడే తెలుగుకూ వాచకాల తెలుగుకూ ఇంత తేడా ఎందుకున్నదని అడిగారని, ఆ ప్రశ్న గిడుగు, గురజాడ వంటి వారిని కదిలించిందని చరిత్ర చెబుతుంది. 1912-13లో స్కూలు ఫైనల్ పరీక్షలో వ్యాసాన్ని ఆధునిక భాషలోనూ రాయవచ్చునని వచ్చిన అనుమతి పండితుల వ్యతిరేకతతో కొద్దికాలానికే రద్దయింది. 1919లో గిడుగు ‘తెలుగు’ అనే పత్రిక పెట్టి వాదాన్ని కొనసాగించారు. ఇవన్నీ అందరికీ తెలిసినవే.

నేను అదనంగా చెప్పదలచినది ఒకటే. యేట్స్ ఆ ప్రశ్న అడిగేనాటికి గిడుగు సవర పిల్లల మధ్య ఏళ్ళు గడిపి ఉన్నారు. పుస్తకం ఒక భాషలో, పిల్లవాడి నోరు ఒక భాషలో ఉంటే ఏమవుతుందో ఆయన కొండ మీద కళ్ళారా చూశారు. అదే రోగం మైదానంలో తెలుగు పిల్లలకు కొంచెం తక్కువ తీవ్రతతో ఉందని గుర్తించడానికి ఆయనకు ఎక్కువ సమయం పట్టి ఉండదు. ‘వచ్చుచున్నాడు’ అని చదివే పిల్లవాడు ఇంట్లో ‘వస్తన్నాడు’ అని వింటాడు, చదివిన మాట చెవికి తగలదు. ఆయన భాషావాదం సాహిత్య వాదంగా ప్రసిద్ధమైంది గానీ, దాని వేరు చిన్న తరగతి వాచకంలో ఉందని, ఆ వాచకం మొదట సవర వాచకమని నా అభిప్రాయం.

ఈ కేసులో బలహీనతలను కూడా చెప్పాలి. ఆయన బడులు ఒక మనిషి జేబు మీద, ఒక మనిషి పట్టుదల మీద నడిచాయి. వ్యాకరణం, నిఘంటువు నిలిచాయి, ఎందుకంటే వాటికి ప్రభుత్వ ముద్రణాలయం ఉంది. బడికి అటువంటి ఆసరా లేదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన తన జీవితమంతా గడిపిన ఊరు వదిలి రాజమండ్రికి వచ్చేశారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. సవరలు మాత్రం సరిహద్దుకు రెండు వైపులా మిగిలారు. అదే 1936లో మంగే గొమాంగో సవరకు సొరాంగ్ సొంపెంగ్ అనే సొంత లిపిని రూపొందించారు. ఇవాళ ఒక వైపు తెలుగు లిపి, మరో వైపు ఒడియా లిపి, వాటికి తోడు రోమన్, సొంపెంగ్ ఉన్నాయి. ఒక చిన్న భాషకు నాలుగు లిపులు అంటే నాలుగు చిన్న పాఠకలోకాలు అని అర్థం. ఇందులో ఎవరి తప్పూ లేదు, కానీ పిల్లల పుస్తకం అచ్చు వేయబోయే ప్రతివారికీ ఇది అడ్డు వస్తుంది.

మా బడి ఫలితాలు కూడా అంత గొప్పవి కావు. చార్టుతో మొదలైన పదకొండు మందిలో ఇద్దరు మధ్యలోనే ఆశ్రమ పాఠశాలకు వెళ్ళిపోయారు, ఒక అమ్మాయి తమ్ముణ్ణి చూసుకోవడానికి ఇంటి దగ్గర ఆగిపోయింది, ఆమెను తిరిగి తీసుకురాలేకపోయాను. మిగిలిన ఎనిమిది మంది ఏడాది తిరిగేసరికి చూడని కథను సవరలో చదివి చెప్పగలిగారు, వాళ్ళలో ఆరుగురు తెలుగులో కూడా. వాలంటీరు ఉద్యోగం ఏటికేడు ఒప్పందం మీద నడిచేది, ఒకసారి ఆలస్యమై నాలుగు నెలలు అతను రాలేదు. ఆ నాలుగు నెలల్లో నేను పొందిన పాఠం ఏమిటంటే, ఆ బడికి అసలైన ఉపాధ్యాయుడు అతనే, నేను సహాయకుడిని. గిడుగు వారు తన ఇంట్లో ఉంచుకున్న ఆ సవర వ్యవహర్త గురించి నాకు తరచూ ఆలోచన వస్తుంది. ఆ వ్యక్తి లేకుండా వ్యాకరణమూ లేదు, బడీ లేదు.

2020 జాతీయ విద్యా విధానం వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి వరకూ ఇంటి భాషలో బోధన ఉండాలని అన్నది. దాన్ని అమలు చేసేవారికి నేను ఇచ్చే సలహా చాలా చిన్నది. వాచకాలు అచ్చు వేయడానికి ముందు, ఆ భాష మాట్లాడే యువకులకు శాశ్వతమైన ఉపాధ్యాయ ఉద్యోగాలు ఇవ్వండి. మైదానం నుంచి వచ్చే నా వంటివారికి మొదటి ఏడాది పాఠం చెప్పే పని కంటే భాష నేర్చుకునే పని ముందు పెట్టండి.

నాయనమ్మ చెప్పిన కథలు, తర్వాత ఇతర పెద్దలు చెప్పినవి, మొత్తం పందొమ్మిది, ఒక లాంగ్ నోటు పుస్తకంలో ఉన్నాయి. వాటిని ముగ్గురు రాశారు. గొంతు ఆగే ఆ ధ్వనికి ఒకరు చిన్న గీత పెట్టారు, ఒకరు అచ్చును రెండుసార్లు రాశారు, మూడోవారు ఏమీ పెట్టకుండా వదిలేశారు. ఒకే పద్ధతికి తీసుకురావాలని కాంప్లెక్స్ సమావేశాల్లో (చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే సమావేశాల్లో) చాలాసార్లు కూర్చున్నాం, ఒప్పందం కుదరలేదు. నేను బదిలీ అయి వచ్చేటప్పటికి పుస్తకం అలాగే, మూడు రాతలతో ఉంది. పిల్లలు ఆ మూడింటినీ ఆగకుండా చదువుతున్నారు, ఎందుకంటే అక్కడ ఏ మాట ఉండాలో వాళ్ళకు ముందే తెలుసు.